ఊహకే వెలిగిన దీపం

మందరమును మోసి మనసులో కదలని
కూర్మనాథ నీదు కొలువునెదుట
వెలుగునీడలెల్ల వినయమున నిలిచె
కథను వినెడువారిఁ గావుమయ్య

పాలకడలిని చిలికిన నాడు దేవతలొక వైపు, దానవులొక వైపు లాగుతుంటే, ఆ లాగుడంతటికీ అడుగున ఆధారమై నిలిచిన స్వామికి నమస్కారం. కదలికకూ, కదలాలనే తలపుకూ నడుమ మనిషికి ఆయన ఇచ్చిన చిన్న చోటును గురించినదీ కథ.

విశాఖపట్టణంలో సముద్రం వైపు వాలిన ఒక గుట్ట మీద కమలాకరశర్మ ఇల్లు. ఆయన భౌతికశాస్త్రవేత్త. ఇళ్లలో ముసలివారు పడిపోకుండా చూసే ఉపాయాలు కనిపెట్టే ప్రయోగశాలకు అధిపతి. ఇంట్లో ముగ్గురే మనుషులు. ఆయన, భార్య ఇందుమతి, వదినగారు కాత్యాయనమ్మ. ఊహ తెలియకముందే తల్లిని పోగొట్టుకున్న కమలాకరాన్ని ఆ వదినే చేరదీసి, అన్నం కలిపి పెట్టి, అక్షరాలు దిద్దించి ఇంతవాణ్ని చేసింది. అన్నగారు వాసుదేవశాస్త్రి కాలం చేశాక కమలాకరం ఆమెను తన దగ్గరికి తెచ్చుకున్నాడు. ఆమెకు పిల్లలు లేరు. ఎవరితోనైనా ఆయన సంగతి చెప్పేటప్పుడు "మా మరిది" అనేదే తప్ప, "కొడుకులాంటివాడు" అని ఎన్నడూ అనలేదు. అలా అనవలసిన అవసరం ఆమెకు కనబడలేదు.

ఆ ఇంట్లో దీపాలు మనిషి కదిలితే వెలిగేవి, కదలిక ఆగితే ఆరేవి. కాత్యాయనమ్మ జపానికి కూర్చుంటే ఎంత నిశ్చలంగా కూర్చునేదంటే, గదిలో ఎవరూ లేరనుకుని దీపం ఆరిపోయేది. "నాకు మనసు నిలిచిందని ఇంకెవరూ ఒప్పుకోకపోయినా నీ దీపం ఒప్పుకుందిరా" అని నవ్వేది. ఒకనాడు తెల్లవారుజామున పూజగది మెట్ల మీద ఆమె పడిపోయింది. దీపం వెలగకపోలేదు, వెలిగింది. కాని అడుగు పడ్డాక వెలిగింది. చీకట్లో వేసిన అడుగు మెట్టు అంచు మీద పడింది. అంతలో మీదికి విరుచుకుపడిన వెలుగుకు కళ్లు చెదిరాయి. తుంటి ఎముక విరిగింది.

ఆస్పత్రిలో ఆమె మంచం పక్కన కూర్చున్నన్నాళ్లూ కమలాకరం మనసు ఆ ఒక్క అడుగు చుట్టూనే తిరిగింది. అడుగు పడ్డాక వెలిగే దీపం ఉండీ లేనట్టే. అడుగు లేవకముందే వెలగాలి.

* * *

ప్రయోగశాలలో ఒక గదికి నాలుగు దిక్కులా నాలుగు తలుపులు పెట్టించాడు. గోడల్లో పలకలు పొదిగించాడు. వాటిలోంచి కంటికి కనబడని సన్నని తరంగాలు వచ్చి, గదిలో ఉన్న మనిషిని తాకి వెనక్కి వెళ్లేవి. గది మధ్యన కుర్చీలో మెహరున్నీసాను కూర్చోబెట్టాడు. ఆమె ఆయనతో ఎన్నో ఏళ్లుగా పనిచేస్తున్న ఇంజనీరు. ఆయన తప్పు చేస్తే మొహాన చెప్పగలిగినది ఆ ప్రయోగశాలలో ఆమె ఒక్కతే.

"లేవకండి. ఏదో ఒక తలుపు వైపు వెళ్లాలని మాత్రం అనుకోండి" అన్నాడు.

"ఊరికే కూర్చుని అనుకోవడానికి జీతమిస్తున్నారంటే మా ఇంట్లో నమ్మరు సార్" అంటూ ఆమె కళ్లు మూసుకుంది.

తూర్పు తలుపు మీద దీపం వెలిగింది. ఆమె కళ్లు తెరిచి చూసి, "నేననుకున్నదీ ఆ తలుపే సార్" అంది.

"లేవబోయే ముందు మడమ నేలను నొక్కుతుంది" అన్నాడు కమలాకరం. గొంతులో సంతోషం దాగలేదు. "ఊపిరి ఒక్క లిప్త ఆగుతుంది. నడుము బిగుస్తుంది. వెళ్లదలచుకున్న వైపుకు ఒళ్లు వెంట్రుకవాసి ఒరుగుతుంది. ఇవేవీ మనకు తెలియవు. గోడకు తెలుస్తాయి."

ఆ దీపానికి ఆయన సంకల్పదీపం అని పేరు పెట్టాడు. మొదటి పరీక్ష తన ఇంట్లోనే జరగాలన్నాడు. చీకట్లో మీట కోసం తడుముకోవడం వల్లే సగం ప్రమాదాలు జరుగుతాయని, గోడల మీద మీటలన్నీ తీయించి, రంధ్రాలు పూడ్పించి, సున్నం కొట్టించాడు. దీపాన్ని చేత్తో వెలిగించడానికీ, ఆర్పడానికీ వీలు ఒక్క ప్రయోగశాలలోని కంప్యూటరు తెర మీదనే మిగిలింది.

కాత్యాయనమ్మ ఆస్పత్రి నుంచి వచ్చి చేతికర్రతో నడవడం మొదలుపెట్టింది. ఆమె లేవాలనుకునేసరికి దారి పొడుగునా వెలుగు పరుచుకునేది. మళ్లీ ఒక్కసారి కూడా తూలలేదు. కమలాకరానికి అంతకన్న కావలసింది లేదు.

వచ్చిన చిక్కల్లా వేరే చోటి నుంచి వచ్చింది.

ఒకరోజు భోజనాలయ్యాక ఇందుమతి తన పిన్నిగారి మనవరాలి పెళ్లి సంబంధం సంగతి వివరంగా చెబుతోంది. చెబుతూ చెబుతూ ఆగిపోయింది.

"మీ గదిలో దీపం వెలిగింది."

"ఆఁ?"

"నేను నోరు తెరిచి ఇంకా అబ్బాయి చదువు దాకానే వచ్చాను. మీరు అప్పుడే లేచిపోదామనుకున్నారు."

"లేదు ఇందూ, వింటున్నాను."

"దీపం మీద ఒట్టేసి చెప్పండి."

కాత్యాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇంతలో వంటింట్లో దీపం కూడా వెలిగి ఆరింది. ఆ గిన్నెలు తోమడానికి లేద్దామనుకుని, పోనీలే అని ఊరుకున్నది ఇందుమతేనని ముగ్గురికీ తెలిసిపోయింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఒక ఇంట్లో మనుషులు ఒకరికొకరు ఎన్ని చిన్న చిన్న కోరికలు దాచిపెట్టి సుఖంగా బతుకుతారో ఆ దీపాలు వచ్చాకనే వారికి అర్థం కాసాగింది.

* * *

వర్షాలు మొదలయ్యేసరికి వీధి గుమ్మం మీది దీపం తోచినప్పుడల్లా వెలగసాగింది. హాల్లో కాత్యాయనమ్మ తన పడక కుర్చీలో కూర్చుని ఒత్తులు చేసుకుంటూ ఉండేది. ఎవరూ వచ్చేవారు కాదు, ఎవరూ వెళ్లేవారు కాదు. అయినా గుమ్మం మీద వెలుగు. కాసేపటికి ఆరిపోయేది. మళ్లీ వెలుగు.

కమలాకరం పలక మార్పించాడు. తీగలు మార్పించాడు. చివరికి మెహరున్నీసా వచ్చి ఒక పూటంతా హాల్లో కూర్చుని, కాత్యాయనమ్మతో కబుర్లు చెబుతూ చేతిలోని తెర చూసుకుంది. వెళ్లేటప్పుడు కమలాకరాన్ని వాకిట్లోకి పిలిచింది.

"దీపంలో దోషమేమీ లేదు సార్. మీ వదినగారు లేచి బయటికి వెళ్లాలనుకుంటున్నారు. మళ్లీ మానుకుంటున్నారు."

"బయటికా? ఎక్కడికి?"

"అది నా యంత్రాన్ని అడిగితే ఎలా? ఆవిణ్ని అడగండి."

అడగడం అంత తేలిక కాదు. బయలుదేరబోయే మనిషిని 'ఎక్కడికి' అని అడగకూడదన్నది ఆ ఇంటి కట్టడి. అడిగితే తలపెట్టిన పని చెడుతుందని కాత్యాయనమ్మే ఆయనకు చిన్నప్పుడు నేర్పింది. పొరపాటున ఎవరైనా అడిగితే వెళ్లేవారు తిరిగి వచ్చి కూర్చుని, మంచినీళ్లు తాగి, అప్పుడు లేవాలి. కమలాకరం ఆ కట్టడిని అడ్డం పెట్టుకున్నాడు. నిజానికి జవాబు వినడానికి ఆయనకు భయం. తన ఇంట్లో ఆమెకు ఏదో తక్కువైంది కాబట్టే గుమ్మం వైపు మనసు పోతోందని ఆయన నిశ్చయించుకున్నాడు. ఆ తక్కువేమిటో ఆమె నోట వినలేడు.

కొన్నిమార్లు తన గదిలోంచి లేచి ఆమె గదికి వెళ్దామనుకున్నాడు. మళ్లీ కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. ఆఖరికి ప్రయోగశాలకు వెళ్లి, తెర మీద వీధి గుమ్మం దీపాన్ని చేతి అదుపులోకి తెచ్చి ఆర్పేశాడు. ఇంటికి వచ్చి చూస్తే గుమ్మం చీకటిగా, మామూలుగా ఉంది. ఆ రాత్రి అన్నం సహించింది.

* * *

శ్రావణమాసంలో పరిశీలక సంఘం వారు ఆ ఇల్లు చూడటానికి వచ్చారు. వారు సరేనంటే సంకల్పదీపాలు ఊళ్లో వృద్ధాశ్రమాలన్నిటికీ వెళతాయి. మబ్బు పట్టి పగలే ఇల్లంతా మసకగా ఉంది. పరీక్షకు ముందు చేతి అదుపులన్నీ తీసివేయాలన్నది నియమం. ఆ నియమం కమలాకరమే రాశాడు. ఆ ఉదయం అతిథుల హడావుడిలో మరిచింది కూడా ఆయనే. మెహరున్నీసా ప్రయోగశాల నుంచి అన్ని దీపాలనూ వాటి తెలివికి వాటిని వదిలేసింది.

సంఘాధ్యక్షురాలు పెద్దమనిషి. కాత్యాయనమ్మ పక్కన కూర్చుని, ఆమె చేయి పట్టుకుని అడిగింది. "ఎలా ఉందమ్మా ఈ ఇంట్లో మీకు?"

"ఏ లోటూ లేదమ్మా. మా మరిది, తోడికోడలు కాలు కింద పెట్టనివ్వరు. ఈ గుమ్మం దాటి వెళ్లాలని నాకు ఏనాడూ అనిపించలేదు."

ఆమె వెనక వీధి గుమ్మం మీద దీపం వెలిగింది.

కాత్యాయనమ్మ చూడలేదు. ఎదురుగా ఉన్న ముఖాలు చూసి, మెల్లగా తల తిప్పింది. ఇందుమతి చేతిలో కాఫీ పళ్లెం అలాగే ఉండిపోయింది. సంఘంలోని ఒకాయన ముందుకు వంగి, మెచ్చుకోలుగా అన్నాడు. "ఎంత ఖచ్చితంగా పనిచేస్తోందండీ. నోరు కప్పిపెట్టినా దొరికిపోయింది."

అధ్యక్షురాలు ఆయన వైపు ఒక చూపు చూసింది. కాత్యాయనమ్మ తెల్లబోయిన ముఖంతో చేతికర్ర అందుకుంది. ఆమె లేవకముందే ఆమె గదిలో దీపం వెలిగింది.

* * *

మర్నాడు కమలాకరం వదిన గదికి వెళ్లాడు. ఆమె పారాయణం ముగించి మంచం మీద కూర్చుని ఉంది.

"ఎక్కడికి వదినా?" అన్నాడు. కట్టడి తప్పానని తెలిసే అడిగాడు.

"శ్రీకూర్మం. మీ అన్నయ్యా నేనూ ఒక మాఘమాసం స్వామి సన్నిధిలో గడపాలనుకునేవాళ్లం. నీ చదువనీ, నీ పెళ్లనీ ఏటికేడూ వాయిదా పడింది. ఆయన వెళ్లిపోయారు. మిగిలిన రోజులు క్షేత్రవాసం చేద్దామా అని నాకు అనిపిస్తూ ఉంటుంది."

"నాతో ఒక్క మాట అనకూడదా?"

"అంటే ఏమవుతుంది? మరిది ఇంట్లోంచి పంపేశాడని నలుగురూ అంటారు. నువ్వు కుమిలిపోతావు. అందుకని అనుకుంటాను, ఊరుకుంటాను."

కమలాకరానికి గుండెలో ముల్లు తీసినట్టయింది. లోటు తన ఇంట్లో లేదు. వెంటనే పనిలోకి దిగాడు. శ్రీకూర్మంలో గుడి వీధిలో మెట్లు లేని వాటా మాట్లాడించాడు. వంటకు మనిషిని చూశాడు. అక్కడి గోడల్లో కూడా పలకలు పొదిగించే ఏర్పాటు చేశాడు. అన్నీ చేసి, చిన్నపిల్లవాడు బహుమతి చూపించినట్టు వచ్చి చెప్పాడు.

కాత్యాయనమ్మ ముఖం వికసించలేదు.

"అన్నీ చేసేశావు" అంది.

"నీ సంకల్పమే కదా వదినా."

"అక్కడే తప్పావు నాయనా. సంకల్పమంటే ఏమిటో నీకు నేనే కదూ చెప్పింది. పుడిసెడు నీళ్లు చేతిలో పోసుకుని, ఏ దేశం, ఏ కాలం, ఎవరు, ఏం చేయబోతున్నారు అన్నీ పైకి చెప్పి, నీళ్లు విడిస్తే అది సంకల్పం. అంతవరకూ అది ఊహ. ఊహకు బాధ్యత లేదు. ఎన్నిసార్లయినా రావచ్చు, పోవచ్చు. దేవుడు కూడా దాన్ని పట్టించుకోడు. నీ దీపం పట్టించుకుంది."

"కాని నువ్వు వెళ్లాలనుకున్న మాట నిజమే కదా?"

"లేచిన మనసు నాది. మళ్లీ కూర్చున్న మనసు ఎవరిది? అదీ నాదే. రోజూ లేచేదాన్ని, రోజూ కూర్చునేదాన్ని. ఆ రెండింటి మధ్య నేను నాతో మాట్లాడుకుంటూ ఉండేదాన్ని. ఎప్పటికో ఏదో ఒకటి తేలేది. నీ దీపానికి లేవడమే కనబడుతుంది, కూర్చోవడం కనబడదు." ఆమె గొంతు తగ్గింది. "ఇప్పుడు వెళితే నువ్వు పంపితే వెళ్లినట్టు. మానితే నువ్వు చూస్తున్నావని మానినట్టు. నా అంతట నేను చేయడానికి ఏం మిగిల్చావు?"

ఆయన వెళ్లిపోనూ లేదు, కూర్చోనూ లేదు. అలాగే నిలబడ్డాడు.

"నీ ఊహ కూడా నాకు కనబడింది" అంది ఆమె. "నా గది ముందు వసారాలో దీపం వెలిగి ఆరుతూ ఉండేది. వస్తావేమోనని తలుపు వైపు చూసేదాన్ని. నువ్వు రాలేదని కోపం లేదు. రాలేకపోతున్నావని నాకు తెలిసిందని నీకు తెలియదు కదా, అదే బాగా లేదు. నిన్ను దొంగచాటుగా చూసినట్టు ఉండేది."

కమలాకరం మంచం పట్టె మీద కూర్చున్నాడు.

"ఏం చేయమంటావు వదినా?"

"నాకొక మీట పెట్టించు. టక్కుమని చప్పుడయ్యేది. నేను వేస్తే వెలగాలి, నేను తీస్తే ఆరాలి. మళ్లీ వేసేదాకా నీ గోడలు నా జోలికి రాకూడదు."

"మళ్లీ పడితే?"

"పడవచ్చు" అంది ఆమె. అంతకు మించి ఆయన్ను ఓదార్చలేదు.

* * *

"మీట పెడితే సంఘం ఒప్పుకోదు సార్" అంది మెహరున్నీసా. "ముసలివారు దీపం ఆపుకుని పడిపోతే జవాబు ఎవరు చెప్పాలంటారు. పోనీ, వద్దనుకోవడం కూడా కనిపెట్టేలా పలకలను దిద్దుదామా? వద్దనుకోగానే దీపం ఆరుతుంది."

"అప్పుడు ఆమె వద్దనుకున్నదీ అందరికీ తెలుస్తుంది."

మెహరున్నీసా ఆలోచించింది. "మా అమ్మీ నాతో ఉండేటప్పుడు ఈ దీపాలు లేవు. ఎంత మంచిదయింది" అని, సంఘానికి పంపవలసిన నివేదిక ఆయన వైపు జరిపింది.

నివేదికలో కమలాకరం ఒక వాక్యం చేర్చాడు. ప్రతి గదిలో మనిషి చేతికందే ఎత్తులో మీట ఉండాలి, ఆ మీట మాటే చివరి మాట, ప్రయోగశాల తెర కూడా దాన్ని దాటకూడదు. ఆ వాక్యం తీసేస్తే అనుమతి ఇస్తామని సంఘం వారు రాశారు. ఆయన తీయలేదు. ఏళ్ల తరబడి చేసిన పని బల్ల సొరుగులోకి వెళ్లింది.

మీటలు బిగించడానికి మనిషిని పిలవలేదు. తానే గోడ తొలిచాడు. సున్నం మీద పడి తల తెల్లబడితే ఇందుమతి చూసి, "ఇప్పుడు వయసుకు తగ్గట్టున్నారు" అంది.

కాత్యాయనమ్మ మీట తీసింది. టక్కుమంది.

అది మొదలు కమలాకరానికి కష్టకాలం వచ్చింది. వేకువన పూజగది వైపు ఆమె కర్ర చప్పుడు వినబడేది. ఒక్కోసారి మీట వేసుకునేది, ఒక్కోసారి తెలిసిన దారే కదా అని వేసుకునేది కాదు. ఆయన పక్క మీద పడుకుని, ఊపిరి బిగబట్టి, మెట్లు దాటిన చప్పుడు అయ్యేదాకా వినేవాడు. లేచి వెళ్లి దీపం వేద్దామని కాళ్లు లాగేవి. తన గదిలోనూ మీట తీసి ఉంది కాబట్టి ఆయన తల్లడిల్లడం గోడలకు కూడా తెలిసేది కాదు. ఒకరోజు మెట్టు దగ్గర కర్ర జారిన చప్పుడు వినబడింది. ఆయన లేచి కూర్చున్నాడు. ఇందుమతి ఆయన చేయి పట్టుకుంది. కాసేపటికి లోపల గంట మోగింది. ఇందుమతి చేయి వదిలింది.

పగలు ఆమె హాల్లో కూర్చుని ఒత్తులు చేసేది. గుమ్మం మీద వెలుగు లేదు. ఆమె వెళ్లాలనుకుంటోందో, ఉండాలనుకుంటోందో ఆయనకు తెలియదు. ఆ తెలియకపోవడానికి అలవాటుపడటానికి ఆయనకు ఆశ్వయుజం, కార్తీకం, మార్గశిరం పట్టాయి. శ్రీకూర్మం వాటా సంగతి ఆయన ఎత్తలేదు. ఆమె కూడా ఎత్తలేదు. ఒకనాడు ఒత్తుల పళ్లెం పక్కన కూర్చుని ఆయన కూడా దూది తీసి ఒత్తులు చేయడం మొదలుపెట్టాడు. "లావుగా చేస్తున్నావు" అంది ఆమె. అంతే, ఆ పూటకు అదే మాట.

పుష్యమాసం వెళ్లేరోజు పొద్దున్నే కాత్యాయనమ్మ పూజగదిలోంచి ఇద్దరినీ పిలిచింది. పీట మీద తూర్పుముఖంగా కూర్చుని, కుడి అరచేతిలో అక్షతలు పెట్టుకుంది. "నీళ్లు పొయ్యి నాయనా" అంది. కమలాకరం ఉద్ధరిణెతో పోశాడు. ఆమె దేశమూ కాలమూ చెప్పింది. గోత్రమూ పేరూ చెప్పింది. రాబోయే మాఘమాసమంతా శ్రీకూర్మనాథుని సన్నిధిలో ఉంటానని, ఆ పుణ్యంలో సగం తన భర్తదని చెప్పి, నీళ్లు పళ్లెంలోకి విడిచింది. ఆ తరువాత సంగతి ఆమె చెప్పలేదు. వాళ్లు అడగలేదు.

మర్నాడు తెల్లవారాక కారు వచ్చి గేటు బయట ఆగింది. ఇందుమతి సంచీ తీసుకెళ్లి అందులో పెట్టి, అక్కడే నిలబడింది. కాత్యాయనమ్మ గుమ్మం దాకా వచ్చింది. కమలాకరం ఆమె పాదాలకు నమస్కరించాడు. ఆమె ఆయన తల మీద చేయి ఉంచి, గుమ్మం పక్కనున్న బల్ల మీద కూర్చుని చెప్పులు తొడుక్కోసాగింది. ఒక చెప్పు తొడుక్కుంది. రెండో చెప్పు చేతిలోనే ఉంది. చేయి ఆగింది. ఆమె చూపు ఇంట్లోకి, హాల్లో ఖాళీగా ఉన్న తన పడక కుర్చీ మీదికి వెళ్లింది.

ఆమె మడమ నేలను నొక్కుతోందో లేదో, ఊపిరి ఆగిందో లేదో చూస్తే తెలుస్తుంది. లోకంలో ఆ గుర్తులు ఆయనకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియవు. ఆయన రెండడుగులు వెనక్కి వేసి, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

సముద్రం మీద నుంచి గాలి వచ్చింది. లోపల ఎక్కడో తలుపు ఒకటి కొట్టుకుంది. ఆయన తిరగలేదు.

చాలాసేపటికి వాకిట్లో చెప్పుల చప్పుడు, దాని వెంట కర్ర చప్పుడు, ఆ తరువాత గేటు చప్పుడు వినబడ్డాయి.

ఈ కథ చదివినవారికీ, ఒకరు చదువుతుంటే విన్నవారికీ, వారి ఇళ్లలో చీకటివేళ అడుగు వేసే పెద్దలకూ ఆ కూర్మనాథుడు పాదం కింద నేలయై నిలుచుగాక. ఎవరి మనసులోని మాట వారు పలికేదాకా వారిదిగానే ఉండుగాక. పలికినప్పుడు చేతిలో నీళ్లు పోయడానికి పక్కన ఒక మనిషి ఉండుగాక. స్వస్తి.